కొలత కుదిర్చిన చెలిమి: పీఠిక

మహత్తరమైన వస్తువును కంటికి ఆనేటంతగా కుదించి, దాని అంగాంగ సమన్వయం ఇసుమంతైనా చెడకుండా నిలపడం శిల్పసాధనల్లో మిక్కిలి ప్రాచీనమైనది, మిక్కిలి కఠినమైనది కూడాను. పెద్దదానిలో దాగిపోయే లోపం చిన్నదానిలో దాగదు. రాజప్రాసాదపు గోడలో అంగుళం వంకరను క్షమించే కన్నే అరచేతిలో ఇమిడే ఇంటి గోడలో వెంట్రుకవాసి వంకరను క్షమించదు. ఇక ఆ కుదించిన వస్తువు కదలవలసినది కూడా అయితే, ఎత్తులెక్కి, మలుపులు తిరిగి, అనుకున్న వేళకు అనుకున్న చోట ఆగవలసినది కూడా అయితే, ఆ సాధన శిల్పంతోపాటు గణితాన్నీ, యంత్రశాస్త్రాన్నీ, విద్యుచ్ఛాస్త్రాన్నీ, వీటన్నింటికీ మించి మనుష్యుల మధ్య పొందికనూ కోరుతుంది. అటువంటి మోడల్ రైలుమార్గ నిర్మాణాన్ని గూర్చీ, దాని చుట్టూ అల్లుకొనే క్లబ్బు జీవితాన్ని గూర్చీ తెలుగులో ఒక సమగ్రగ్రంథం వెలువడుతున్న ఈ తరుణంలో దానికి పీఠిక వ్రాసే బాధ్యత నాకు దక్కినందుకు సంతోషిస్తూ, పాఠకులను కొంతసేపు నా ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఈ విద్య స్వరూపాన్నీ, వంశాన్నీ, దీని వెనుకనున్న శ్రమనూ యథాశక్తి నివేదిస్తాను.

ఒక ప్రాంతం, ఒక కాలం, ఆ ప్రాంతంలో ఆ కాలంలో నడిచిన ఒక రైలుమార్గం: ఈ మూడింటినీ ఒక బల్లమీద ప్రతిష్ఠించడమే లేఅవుట్. స్టేషను, గూడ్సుషెడ్డు, నీళ్లట్యాంకు, సిగ్నలు స్తంభం, వంతెన క్రింది వాగు, గేటు దగ్గర నిలిచిన బండి, ప్లాట్‌ఫారం మీద పెట్టెతో వేచియున్న ప్రయాణికుడు, ఇవన్నీ ఒకే కొలతకు లొంగి నిలిచినప్పుడే ఆ బల్ల ఒక లోకమవుతుంది. ఈ విద్యకు ప్రాణం కొలతయే. ఆ కొలతను నలుగురూ కూర్చొని అంగీకరించడంలోనే ఈ విద్య తాలూకు సాంఘికధర్మం కూడా ఉన్నది. గ్రంథమంతటా అంతస్సూత్రంగా ప్రవహిస్తున్న భావం ఇదేనని నేను గ్రహించాను. దీనిని మనస్సులో నిలుపుకొని చదివితే, పట్టాలను గూర్చిన అధ్యాయాలకూ స్నేహాలను గూర్చిన అధ్యాయాలకూ మధ్యనున్న బంధుత్వం పాఠకునికి తనంతట తానే గోచరిస్తుంది.

ఈ విద్యకు గౌరవనీయమైన వంశచరిత్ర ఉన్నది. జర్మనీలోని గోపింగెన్ పట్టణంలో 1859లో మేర్క్లిన్ కుటుంబం బొమ్మల పరిశ్రమను నెలకొల్పగా, సంస్థాపకుడు 1866లో దివంగతుడైన పిమ్మట ఆయన భార్య కరోలిన్ దానిని ధైర్యంతో నిలబెట్టగా, ఆ వంశంవారే 1891లో లైప్సిగ్ వసంతకాలపు సంతలో తాళంత్రిప్పితే నడిచే రైలును, ఒక క్రమం ప్రకారం కొలతలు నిర్ణయించిన పట్టాలతో సహా లోకానికి చూపించారు. నేడు కొన్న పట్టాకు రేపు కొన్న పట్టా అతుకుతుందనే హామీ కొనుగోలుదారుకు దొరికింది. ఆ హామీతోనే రైలుబొమ్మ రైలుమార్గంగా పెరగడానికి అర్హత సంపాదించుకొన్నది. ఇంగ్లండులో లివర్‌పూల్ వాస్తవ్యుడైన ఫ్రాంక్ హార్న్‌బీ 1901లో మెకానో అనే కూర్పుబొమ్మకు పేటెంటు పొంది, 1920లో రైళ్ల తయారీకి పూనుకొని, ఆయన గతించిన తరువాత 1938లో ఆయన సంస్థ హార్న్‌బీ డబ్లో అనే చిన్నరైళ్ల శ్రేణిని వెలువరించేసరికి, మధ్యతరగతి ఇంటి భోజనపు బల్లమీద కూడా ఒక రైలుమార్గానికి చోటు ఏర్పడింది.

అయితే వస్తువులు అమ్మే అంగళ్లు మాత్రమే ఉంటే ఇది క్రీడగానే మిగిలిపోయేది. దీనిని విద్యగా మార్చినవి సంఘాలు. లండను నగరంలో 1910లో స్థాపితమైన మోడల్ రైల్వే క్లబ్ ఈ కోవకు చెందిన సంఘాలలో లోకంలోకెల్లా ప్రాచీనమైనదిగా ప్రసిద్ధికెక్కి, కింగ్స్ క్రాస్ స్టేషనుకు సమీపాన కీన్ హౌస్ అనే స్వంత భవనంలో నేటికీ సమావేశమవుతున్నది. అమెరికాలో మిల్వాకీ నగరం నుంచి ఆల్ కాంబాక్ అనే ముద్రాపకుడు 1934 జనవరిలో మోడల్ రైల్‌రోడర్ మాసపత్రికను ఆరంభించగా, ఆ మరుసటి సంవత్సరమే ఆ నగరంలోనే నేషనల్ మోడల్ రైల్‌రోడ్ అసోసియేషన్ అవతరించింది. ఒక తయారీదారుని చక్రం మరొకని పట్టామీద పొసగని ఆ రోజులలో, ఆ సంఘం తన తొలి కర్తవ్యంగా చక్రపు అంచు మందాన్నీ, పట్టాల ఎడాన్నీ, దారులు చీలే పాయింట్లలో చక్రం దాటే సందునూ నిర్ణయించి ప్రకటించింది. జేబులో ఇమిడే చిన్న లోహపు ఫలకాన్ని పట్టాలమీద ఆనించి, ఎక్కడో దూరదేశంలో తయారైన బండి తన బల్లమీద నడుస్తుందో లేదో సభ్యుడు క్షణంలో తేల్చుకోగలిగే స్థితి ఆ ఒడంబడిక ఫలమే. ఆ పరంపరలోనే 1990వ దశకంలో, జర్మనీకి చెందిన లెంజ్ సంస్థ రూపొందించిన పద్ధతి ఆధారంగా, ఒక్కొక్క ఇంజనుకు ఒక్కొక్క సంఖ్యనిచ్చి, ఒకే పట్టామీద అనేక ఇంజన్లను వేర్వేరుగా నడిపించే డిజిటల్ నియంత్రణకు కూడా ఆ సంఘమే ఉమ్మడి ప్రమాణాన్ని స్థాపించింది.

కొలతలో రాజీపడితే ఏమవుతుందో గ్రంథకర్త ఒక అధ్యాయమంతా వెచ్చించి వివరించిన తీరు ప్రశంసనీయం. హెచ్.ఓ. అనే ప్రమాణంలో నిజమైన అడుగు మూడున్నర మిల్లీమీటర్లకు కుదురుతుంది. నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళాల అసలు గేజి, అనగా పట్టాల మధ్య ఎడం, దానిలో 16.5 మిల్లీమీటర్లవుతుంది, ఇంతవరకు లెక్క నిర్దుష్టం. బ్రిటిష్ ఇంజన్లు ఆకారంలో చిన్నవి కనుక ఆనాటి మోటార్లు వాటిలో ఇమడలేదు. అందుచేత అక్కడి తయారీదారులు పట్టాలను 16.5 మిల్లీమీటర్లకే ఉంచి, బండి శరీరాన్ని మాత్రం అడుగుకు నాలుగు మిల్లీమీటర్ల ప్రమాణానికి పెంచారు. ఫలితంగా ఓ.ఓ. అనే ఆ పద్ధతిలో బండిక్రింది గేజి నాలుగడుగుల ఒకటిన్నర అంగుళాలంతై, ఎదుటినుంచి చూచేవానికి బండి ఇరుకు కాళ్లమీద నిలిచినట్లు తోచింది. ఈ కొరత సహింపని సాధకులు కొందరు 18.2 మిల్లీమీటర్లకు పట్టాలను విస్తరించారు, మరికొందరు 18.83 మిల్లీమీటర్ల శుద్ధగణితాన్నే ఆశ్రయించి చక్రాలనూ పట్టాలనూ స్వహస్తాలతో నిర్మించుకొన్నారు. రెండున్నర మిల్లీమీటర్లకు లోపైన తేడాకోసం ఒక జీవితకాలపు శ్రమను అంగీకరించిన ఆ నిష్ఠను గ్రంథకర్త గౌరవిస్తూనే, పదిమందితో కలిసి నడవడంకోసం ఆ తేడాను ఓర్చుకొన్నవారి విజ్ఞతను కూడా సమానంగా గౌరవించారు. ఈ సమదృష్టి గ్రంథానికి అలంకారం.

శ్రమను గూర్చి చెప్పవలసినది చాలా ఉన్నది. బల్ల చట్రం సమతలంగా, దృఢంగా లేకపోతే దానిమీద కట్టిన సర్వమూ వ్యర్థం. ఒక దారి మరొక దారిమీదుగా దాటాలంటే హెచ్.ఓ. ప్రమాణంలో సుమారు 8 సెంటీమీటర్ల ఎత్తు కావాలి. వాలు నూటికి రెండు మించరాదనుకొంటే ఆ ఎత్తుకు చేరడానికే 4 మీటర్ల నిడివి ఖర్చవుతుంది. గదికేమో గోడలు ఉన్నాయి. బండి వెళ్లిన దారినే తిరిగి రావాలని పట్టాలను చుట్టి తెచ్చి కలిపితే, ఎడమ పట్టా కుడి పట్టాను తాకి షార్ట్ సర్క్యూట్ అవుతుంది గనుక, ఆ చుట్టులో కొంతభాగాన్ని వేరుచేసి విద్యుత్తు దిశను మార్చే ఏర్పాటు చేయాలి. పట్టాల మధ్య కంకరను చిటికెలతో పోసి, కుంచెతో సర్ది, నీళ్లు కలిపిన జిగురులో ఒక బొట్టు సబ్బునీరు చేర్చి, రేణువు కదలకుండా చుక్కచుక్కగా వదలాలి. బల్లక్రింద వెల్లకిలా పడుకొని, కళ్లలో పడే సాల్డరింగు పొగను ఓర్చుకొంటూ తీగలను అతికినవాని పని చూపరులకు ఎన్నడూ కనబడదు. కాని బండి ఆగకుండా నడిచిన ప్రతిసారీ కీర్తి అతనిదే. ఈ అదృశ్యశ్రమకు గ్రంథంలో అగ్రస్థానం లభించడం నాకు అత్యంత ప్రీతికరం.

నిర్మాణం ముగిసిన చోట నడపడం ఆరంభమవుతుంది. న్యూ ఆర్లియన్స్ వాస్తవ్యుడైన ఫ్రాంక్ ఎల్లిసన్ 1944లో మోడల్ రైల్‌రోడర్ పత్రికలో ధారావాహికంగా వ్రాసిన వ్యాసాలలో, లేఅవుట్‌ను రంగస్థలంగా, రైళ్లను పాత్రలుగా, టైంటేబుల్‌ను నాటకంగా భావించమని బోధించాడు. ఆ బోధ ఈ విద్య దిశను మార్చింది. గుండ్రంగా తిరిగే బండిని చూస్తూ నిలబడిన వ్యక్తి, ఆనాటినుంచి, ఒక గూడ్సుబండిని ఫలానా మిల్లునుంచి ఫలానా రేవుకు చేర్చే బాధ్యత వహించే ఉద్యోగి అయ్యాడు. ప్రతి వ్యాగనుకూ ఒక చీటీ. ఆ చీటీలో ఎక్కడినుంచి, ఎక్కడికి, ఏ సరకు అనే వివరం. గడియారం కూడా ఆరురెట్ల వేగంతో నడిచి, నాలుగు గంటలలో ఒక పూర్తి అహోరాత్రాన్ని గడిపిస్తుంది. ఒకరు కంట్రోలరు స్థానంలో కూర్చొని దారి ఇస్తారు, ఒకరు యార్డులో వ్యాగన్లను విడదీసి కూర్చుతారు, మరొకరు లూప్‌లైనులో నిలిచి ఎదురుబండి దాటిపోయేదాకా వేచియుంటారు. వేచియుండడం కూడా సేవలో భాగమేనని నేర్పే క్రీడలు లోకంలో అరుదు.

ఇక క్లబ్బు జీవితాన్ని గూర్చిన అధ్యాయాలు ఈ గ్రంథానికి హృదయస్థానం. ఉదాహరణగా గ్రంథకర్త స్వీకరించినది అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో 1946లో ఏర్పడిన టెక్ మోడల్ రైల్‌రోడ్ క్లబ్. రెండవ ప్రపంచయుద్ధకాలంలో తాత్కాలికంగా కట్టిన 20వ నంబరు భవనంలో, ఒక గది నిండుగా పరచుకొన్న ఆ లేఅవుట్ చుట్టూ రెండు స్వభావాలు గూడుకట్టుకొన్నాయి. ఒక వర్గం కొండలనూ, చెట్లనూ, భవనాలనూ, బోగీల రంగులనూ, చరిత్రనూ ప్రేమించేది. రెండవ వర్గం బల్లక్రిందికి దూరి, టెలిఫోన్ యంత్రసామగ్రిలోనుంచి వచ్చిన రిలేలతో, ఏ భాగంలో ఎవరి నియంత్రణ చెల్లాలో నిర్ణయించే మహాజాలాన్ని అల్లేది. లేఅవుట్‌పై నలభై గంటలు పనిచేసిన సభ్యునికి గది తాళంచెవి దక్కేది. పాండిత్యానికీ ధనానికీ కులగోత్రాలకూ ప్రసక్తిలేని, శ్రమ ఒక్కటే అర్హతగా గల ఆ నియమం ఎంత ఉదాత్తమైనదో విజ్ఞులు గమనింతురు గాక. ఆ రెండవ వర్గపు విద్యార్థులే తరువాత టి.ఎక్స్.-0, పి.డి.పి.-1 అనే తొలితరం కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. వారిలో ఒకడైన పీటర్ సామ్సన్ 1959లో ఆ క్లబ్బు పలుకుబళ్లను ఒక నిఘంటువుగా కూర్చాడు. 1962లో స్టీవ్ రస్సెల్ ప్రభృతులు నిర్మించిన స్పేస్‌వార్ అనే కంప్యూటరు క్రీడ ఆ మిత్రబృందంలోనుంచి వెలువడినదే. పట్టాలక్రింద తీగలు అల్లిన చేతులు ఒక నూతనయుగానికి అక్షరాభ్యాసం చేశాయి. రెండు వర్గాలూ ఒకే బల్లను పంచుకొన్నాయి గనుకనే ఆ ఫలం సాధ్యమైనదని గ్రంథకర్త చేసిన నిర్ణయంతో నేను పూర్తిగా ఏకీభవిస్తున్నాను.

పదిమంది కూడిన చోట పది అభిప్రాయాలు ఉంటాయి. ఆవిరియుగమా, డీజిల్‌యుగమా? ఒక్కొక్క మేకునూ గణించే యథాతథత్వమా, మూడడుగుల దూరంనుంచి మెప్పించే ఔచిత్యమా? చందాసొమ్ము ముందుగా గది అద్దెకా, నూతన పరికరాలకా? ఇవి చిన్నప్రశ్నలని తోసివేయక, గ్రంథకర్త వీటికి ధర్మసూక్ష్మాలను చర్చించేవాని ఓర్పుతో సమాధానాలు వెదికారు. అనుమతి లేకుండా ఇతరుని బండిని చేతితో తాకరాదు. తప్పిన బండిని దాని యజమానియే ఎత్తి నిలపాలి. క్రొత్తగా చేరినవానికి పట్టాలు తుడిచే పని ఇచ్చినప్పుడు దానికి కారణం కూడా చెప్పాలి. చెప్పినవాడు కూడా గుడ్డ పట్టుకొని అతని ప్రక్కన నిలవాలి. ఓటింపులో ఓడినవారి సలహాలో ఒక్కటైనా నిర్మాణంలో చోటు చేసుకొనేటట్లు చూడాలి. ప్రదర్శనకు వచ్చిన బాలుడు అడిగే ప్రశ్న ఎంత సామాన్యమైనదైనా, నడుస్తున్న బండిని ఆపియైనా ఉత్తరమివ్వాలి. ఈ నియమాలలో ఏ ఒక్కటీ రైలుకు మాత్రమే చెందినది కాదని వేరుగా చెప్పవలసిన పనిలేదు.

కొలతకూ చెలిమికీ గల సంబంధానికి నిదర్శనంగా, 1970వ దశకంలో అమెరికాలో పుట్టిన ఎన్-ట్రాక్ పద్ధతిని గ్రంథకర్త వర్ణించిన ఘట్టం నాకు విశేషంగా నచ్చింది. ఎన్ ప్రమాణంలో, అనగా నిజవస్తువులో 160వ వంతు పరిమాణంలో, ప్రతి సభ్యుడూ రెండడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు గల ఒక బల్లను తన ఇంటిలో తన ఇష్టం వచ్చిన దృశ్యంతో నిర్మించుకొంటాడు. ఒకరిది ఎడారి, ఒకరిది మంచుకొండ, ఒకరిది ఓడరేవు. కాని అంచుల దగ్గర మూడు పట్టాల స్థానం మాత్రం అందరికీ ఒక్కటే. సమావేశంనాడు ఆ బల్లలను వరుసగా పేర్చి బిగించగానే, పరస్పరం పరిచయమైనా లేని వారి ఊహాలోకాలలోనుంచి ఒకే బండి నిరాటంకంగా సాగిపోతుంది. మధ్యభాగంలో స్వేచ్ఛ, అంచున ఒడంబడిక: సంఘజీవనానికి ఇంతకు మించిన సూత్రాన్ని నేను చదువలేదు.

ఈ నిర్మాణాలు శాశ్వతాలు కావు. కాలిఫోర్నియాలోని మాంటెరేలో జాన్ ఆలెన్ నిర్మించిన గోరీ అండ్ డిఫీటెడ్ లేఅవుట్, నేలనుంచి కప్పుదాకా ఎగసిన పర్వతాలతో ఒక తరం సాధకులకు ఆదర్శమై వెలిగి, 1973 జనవరిలో ఆయన మరణించిన కొద్దిరోజులకే అగ్నికి ఆహుతియైనది. ఆయన తీసిన ఛాయాచిత్రాలూ, ఆయనతో కలిసి ఆ బళ్లను నడిపిన మిత్రుల స్మృతులూ మిగిలాయి; వాటివలన ఆయన విద్య నేటికీ బోధింపబడుతున్నది. ఇందుకు భిన్నంగా, ఇంగ్లండులో జాన్ అహెర్న్ నిర్మించిన మాడర్ వ్యాలీ, ఆయన 1961లో గతించినా, లాంగ్ విటెన్‌హామ్ గ్రామంలోని పెండన్ మ్యూజియంలో భద్రంగా ఉన్నది. ఆ మ్యూజియాన్ని 1954లో ఆరంభించిన రాయ్ ఇంగ్లండ్ అనే ఆస్ట్రేలియా వాస్తవ్యుడు, కనుమరుగవుతున్న ఇంగ్లీషు పల్లెసీమను ఇటుక ఇటుకగా రక్షించాలని సంకల్పించగా, ఆయన అనంతరం కూడా స్వచ్ఛంద సేవకులు ఆ పనిని కొనసాగిస్తున్నారు. లండను క్లబ్బువారు 1980వ దశకంలో ఆరంభించిన కోపెన్‌హేగన్ ఫీల్డ్స్ లేఅవుట్‌పై కూడా చేతులు మారుతూ పని తరాలకు విస్తరించింది. తాను ముగింపును చూడనని తెలిసీ పునాది వేయగలవాడే క్లబ్బుకు యోగ్యుడు. తాను ఆరంభింపని పనిని వినయంతో కొనసాగించగలవాడు అతనికంటె యోగ్యుడు.

మన రైళ్లకు ఈ విద్యలో ఒక ప్రత్యేక సమస్య ఉన్నది. భారతదేశపు బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు. దానిని హెచ్.ఓ. ప్రమాణంలోకి తెస్తే 19.25 మిల్లీమీటర్లు, ఓ.ఓ. ప్రమాణంలో 22 మిల్లీమీటర్లు కావాలి. అంగడిలో దొరికే పట్టాలు 16.5 మిల్లీమీటర్లవే. వెనుక చెప్పిన బ్రిటిష్ సాధకుల ధర్మసంకటమే మనవారి ముంగిటికీ వచ్చింది. దీనికి తోడు నిడివి. రాజమహేంద్రవరం దగ్గర గోదావరిమీది ఆర్చీల వంతెన సుమారు 2.7 కిలోమీటర్ల పొడవు, 28 ఆర్చీలు. హెచ్.ఓ. ప్రమాణంలో అది 31 మీటర్లవుతుంది. ఒక్క ఆర్చియే మీటరు దాటుతుంది. ఎవరి గదిలో ఇముడుతుంది? గ్రంథకర్త ఎన్ ప్రమాణాన్ని ఎంచుకొని, అరవై సెంటీమీటర్ల చొప్పున మూడే మూడు ఆర్చీలను నిలిపి, రెండు చివరలను చెట్లగుంపు వెనుకకు పోనిచ్చి, ఇసుకతిన్నెల రంగునూ వరదనీటి రంగునూ జాగ్రత్తగా ఎంచి, చూపరి మనస్సే మిగిలిన ఇరవై ఐదింటిని పూరించుకొనే ఉపాయం చెప్పారు. ఏది విడవాలో తెలిసినవానికే ఏది నిలపాలో తెలుస్తుంది. మన ఇండ్లలో సంక్రాంతినాడు మెట్లమీద తీర్చే బొమ్మలకొలువులో కూడా ఊరంతటినీ నాలుగు బొమ్మలతో పలికించి, పేరంటానికి పదిమందిని పిలిచి చూపించే సంప్రదాయం ఉన్నది గనుక, ఈ విద్య తెలుగువారికి పరాయిదని నేను భావించను. కొండపల్లి బొమ్మలకు వాడే తేలికైన తెల్లపొణికి కొయ్యతో స్టేషను భవనాలను చెక్కుకోవచ్చునని ఈయన చేసిన సూచన ఆ బంధుత్వాన్ని చక్కగా బలపరచింది.

గ్రంథకర్త యంత్రశాస్త్రంలో పట్టభద్రులు. విదేశంలో ఉద్యోగం చేస్తూ, అక్కడి ఒక క్లబ్బులో పట్టాలు తుడిచే సభ్యునిగా చేరి క్రమంగా కార్యదర్శి స్థానానికి ఎదిగిన అనుభవశాలి. శైలి సరళం; కొలతలు చెప్పేటప్పుడు కఠోరమైన నియమం, మనుష్యులను గూర్చి చెప్పేటప్పుడు మార్దవం ఈయన రచనకు సహజగుణాలు. పటాలు స్పష్టంగా ఉన్నాయి. సిగ్నలు వ్యవస్థను గూర్చిన అధ్యాయం మాత్రం ఇంకా విస్తరింపదగినది. ఏకమార్గపు సెక్షన్లలో డ్రైవరు చేతికి టోకెను ఇచ్చి బండిని పంపుతూ వచ్చిన మన పద్ధతిని నమూనాలో ఎలా చూపవచ్చునో మలిముద్రణలో వివరిస్తే గ్రంథానికి పరిపూర్ణత చేకూరుతుంది. ఇది లోపంగా ఎంచి చెప్పిన మాట కాదు. సమర్థునినుంచి మరింత ఆశించే పెద్దరికపు హక్కుతో చెప్పిన మాట.

ఈ గ్రంథాన్ని చదివినవారిలో కొందరైనా ఒక ఊరిలో కూడి, చందా వేసుకొని, ఒక గదిని సంపాదించి, మొదటి చెక్క కోయడానికి ముందే ఏ ప్రమాణమో, ఏ గేజియో, బల్ల అంచున పట్టా ఎక్కడ నిలవాలో అందరూ కలిసి నిర్ణయించి వ్రాసుకొన్ననాడు, ఈయన శ్రమ సార్థకమవుతుంది. తెలుగునాట అటువంటి కూటములు ఏర్పడి వర్ధిల్లాలనీ, గ్రంథకర్తకు ఆయురారోగ్యాలూ, పనిచేసే చేతికి స్థైర్యమూ, సహవాసానికి సజ్జనులూ సమృద్ధిగా లభించాలనీ ఆశీర్వదిస్తూ, ఈ గ్రంథాన్ని సహృదయపాఠకుల చేతులలో ఉంచుతున్నాను.